వరద తీశాక నూతిలో బ్లీచింగ్ ఎంత వేయాలి?

వంశధార పుట్టేది ఒడిశా కొండల్లో. అక్కడ కురిసిన వాన గొట్టా బ్యారేజీ దాకా దిగేసరికి మన శ్రీకాకుళంలో ఎండ కూడా కాస్తుంటుంది. నాగావళిదీ అదే వరస. వాన వెలిసిందని ఊపిరి పీల్చుకున్నాక ఊళ్లోకి నీళ్లొస్తాయి. జనాన్ని బడికో తుఫాను షెల్టర్‌కో చేర్చాక పులిహోర పొట్లాలు, దుప్పట్లు, బిస్కెట్లు పట్టుకుని ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. మంచి మనసుతోనే వస్తారు. తాగే నీటిని పట్టించుకునేవాళ్లే తక్కువ. తిండి ఒక పూట ఆలస్యమైతే ఓర్చుకోవచ్చు, చెడ్డ నీళ్లు ఒక్క పూట తాగినా పసిపిల్లలు మంచం పడతారు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. కరెంటు లేకపోతే ట్యాంకులోకి నీరెక్కదు. కుళాయి ఎండిపోతే జనం వెళ్లేది ఎన్నాళ్లుగానో ఎవరూ తోడని పాత నూతికే. అందుకే బాటిళ్ల లారీ కంటే ముందు ఒక డీజిల్ జనరేటర్ పంపమంటాను. ఊరూరా తిప్పి ట్యాంకులు నింపుకోవచ్చు. 5 హెచ్‌పీ మోటారుకి చిన్న జనరేటర్ సరిపోదు, 10 కేవీఏ దాకా ఉండాలి. స్టార్టయ్యే క్షణంలో మోటారు మామూలుగా లాగే కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. వరదలో మునిగిన స్టార్టర్ పెట్టెను పూర్తిగా ఆరబెట్టి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా స్విచ్ వేయకూడదు.

ఇక నుయ్యి. వరద తీసిన మర్నాడే ఇంజను పెట్టి అడుగంటా తోడేయాలని తొందరపడతారు. వద్దు. చుట్టూ నేల ఇంకా నీటితో బరువెక్కి ఉంటుంది. లోపలి నీరు ఒక్కసారిగా ఖాళీ చేస్తే వరలు లోపలికి కూలతాయి. కళింగపట్నం, వజ్రపుకొత్తూరు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఇంకో ప్రమాదం ఉంది: ఎక్కువ తోడితే కింద నుంచి ఉప్పునీరు ఎక్కి వస్తుంది. అక్కడ చెత్త, పైన తేలే మురికి తీసేసి, కొద్దికొద్దిగా తోడటమే మేలు. పెట్రోలు ఇంజను నూతిలోకి దించకూడదు, గట్టు మీద నడుస్తున్నప్పుడు కూడా మనిషి లోపలికి దిగకూడదు. దాని పొగలో వాసన తెలియని విషవాయువు ఉంటుంది, అది బయటికి పోక నూతిలో పేరుకుపోతుంది. వరల సందుల్లో పాములు చేరి ఉంటాయి కాబట్టి ముందు టార్చి వేసి చూడండి.

తర్వాత లెక్క. నూతి అడ్డుకొలత 2 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు అనుకుందాం. అడ్డుకొలతను అడ్డుకొలతతో, దాన్ని లోతుతో, మళ్లీ 3.14తో గుణించి నాలుగో వంతు తీస్తే 12.56 ఘనపు మీటర్లు, అంటే 12,560 లీటర్లు. మామూలు రోజుల్లో 1000 లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ 2.5 గ్రాములు చాలు. ఆ లెక్కన ఈ నూతికి 31 గ్రాములు. వరద నీరు చొరబడ్డ నూతికి ఇది ఏ మూలకూ రాదు. బురద, కుళ్లిన ఆకు, పేడ ముందుగా పౌడర్‌లోని క్లోరిన్‌ను తినేస్తాయి. క్రిములను చంపడానికి మిగిలేదేమీ ఉండదు.

ఎంత కావాలో ఆ నీళ్లనే అడగాలి. హారాక్స్ కిట్‌తో అది తెలుస్తుంది. నల్ల కప్పులో ఒక చెంచా, అంటే 2 గ్రాముల పౌడర్‌ను ముద్దగా కలిపి, గీత దాకా నీరు పోసి తేరనివ్వాలి. ఆరు తెల్ల కప్పుల్లో నూతి నీరు నింపి, మొదటి దానిలో ఆ తేట ఒక చుక్క, రెండో దానిలో రెండు, ఇలా ఆరో దాకా వేసి కలపాలి. అరగంట ఆగి ఒక్కోదానిలో మూడు చుక్కల ఇండికేటర్ (క్లోరిన్ మిగిలి ఉంటే రంగు మారే ద్రవం) వేస్తే, ఏ కప్పులో మొదట నీలం తిరిగిందో చూడాలి. మూడో కప్పయితే 455 లీటర్లకు మూడు చెంచాలు, అంటే 6 గ్రాములు. పై నూతికి దాదాపు 165 గ్రాములు! 31కీ 165కీ తేడా చూడండి. పిడికెడు చల్లి వెళ్లిపోతే ఏమవుతుందో ఇక్కడే తెలుస్తుంది.

పొడిని నేరుగా నూతిలో పోయకండి. ఒక బకెట్టుకు 100 గ్రాములకు మించకుండా వేసి, కొద్ది నీటితో ముద్ద చేసి, ముప్పావు వంతు నీరు పోసి బాగా తిప్పి, పది నిమిషాలు వదిలేయాలి. అడుగున తెల్లగా దిగేది సున్నం, దాన్ని పారేయాలి. పైన తేటను వేరే బకెట్టులోకి వంచి, చేదతాడు కట్టి, నీళ్లలో ముంచి కిందకీ మీదకీ, పక్కలకీ జోరుగా ఆడించాలి. రాత్రి ఆఖరి బిందె తోడుకున్నాక చేస్తే తెల్లారేసరికి పని పూర్తవుతుంది. కనీసం గంట ఆగాలి. తర్వాత నీటిలో మిగిలిన క్లోరిన్‌ను రంగుతో చూపే క్లోరోస్కోప్‌లో చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. లేకపోతే మళ్లీ మొదటికి. మిగులు కొలవకపోతే మందు వేసినట్టు కాదు.

బస్తా కూడా చూసి కొనండి. కొత్త పౌడర్‌లో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. చెమ్మ తగిలి గడ్డకట్టినా, మూతి విప్పి ఎండలో వదిలేసినా ఆ ఘాటు పోతుంది, మిగిలేది సున్నపు పొడే. దారుల వెంట తెల్లగా చల్లడానికి వాడే బస్తాలు నూతుల కోసం దాచితే ఎంతో మేలు.

ఇంట్లో బిందె నీటికైతే, ముందు పటికతో గానీ చిల్లగింజతో గానీ తేర్చి, నాలుగు మడతల నూలు గుడ్డలో వడకట్టాలి. చిల్లగింజ నీటిని తేటపరుస్తుంది గానీ క్రిములను చంపదు. తర్వాతే క్లోరిన్ బిళ్ల. బిళ్లలు రకరకాల మోతాదుల్లో వస్తాయి, అట్ట మీద ఎన్ని లీటర్లకో చదివి వేయాలి, అరగంట ఆగాలి. వాసన ఘాటుగా ఉందని ఆడవాళ్లు పారబోసేది ఎక్కువ మోతాదు వల్ల కావచ్చు. అలాంటప్పుడు మందలించకండి, బిందె చూసి మోతాదు సరిచేయండి.

షెల్టర్‌లో మనిషికి రోజుకు 15 లీటర్లు లెక్క. 300 మంది ఉంటే 4,500, ఒక పెద్ద ట్యాంకరు. మందు నింపేచోటే కలిపితే దారి కుదుపులకు బాగా కలుస్తుంది. మరుగుదొడ్లు మొదట్లో 50 మందికి ఒకటైనా, వీలైనంత త్వరగా 20 మందికి ఒకటి. ఆడవాళ్లవి వేరుగా, గడియతో, దీపంతో.

ఉద్దానంలో ఇంకొక్క జాగ్రత్త. అక్కడ కిడ్నీ జబ్బు చాలా ఇళ్లలో ఉంది. మెడికల్ క్యాంపులో నడుం నొప్పన్న ప్రతివాళ్లకీ డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఇచ్చేస్తే మిగిలిన కిడ్నీ కూడా పోతుంది. పారాసిటమాల్‌తో సరిపెట్టాలి. నీరసంగా ఉన్నారని కొబ్బరిబోండాం కొట్టిస్తారు, అందులో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ మనిషికి అది ప్రాణం మీదికి తెస్తుంది. ఓఆర్‌ఎస్ కూడా వాళ్లకి డాక్టరు చెబితేనే. షెల్టర్ తెరిచిన రోజే ఆశా కార్యకర్తతో కూర్చుని డయాలసిస్ వాళ్ల పేర్లు, వాళ్లకి వారంలో ఏ రోజులో రాసుకోండి. రోడ్డు తెగినా, పడవలో చోటు తక్కువైనా ముందు ఎక్కించాల్సింది ఆ పట్టీలో ఉన్నవాళ్లనే.