ఎముకల ప్రోగ్రామ్‌లో చేరే ముందు

బోన్ డెన్సిటీ రిపోర్టులో ఆస్టియోపొరోసిస్ (ఎముకలు పల్చబడి పెళుసుబారడం) అన్న మాట కనబడగానే చాలామంది చేసే మొదటి పని కాల్షియం డబ్బా కొనుక్కోవడం, రెండో పని రాత్రంతా ఫోన్‌లో వెతకడం. ఒక్కసారి వెతికితే చాలు, మర్నాటి నుంచి “మందుల్లేకుండా మీ ఎముకలు గట్టిపడతాయి, మా ప్రోగ్రామ్‌లో చేరండి” అనే ప్రకటనలు వెంటపడతాయి. నా వెన్నెముక టీ-స్కోర్ మైనస్ 2.8 అని తేలాక నేనూ ఇవన్నీ చూశాను, కొందరు కోచ్‌లతో మాట్లాడాను, ఒక ప్రోగ్రామ్‌లో చేరాను, ఇప్పటికీ చేస్తున్నాను. ఈ క్రమంలో నాకు అర్థమైంది ఏంటంటే తిండి చేసే పని వేరు, మాత్రలు చేసే పని వేరు, వ్యాయామం చేసే పని వేరు. ఒకదాని పని ఇంకోదానితో చేయిద్దామనుకున్న చోటే మనం నష్టపోతాం. కోచ్‌కి కట్టే డబ్బు కూడా కోచ్ మాత్రమే చేయగలిగిన పనికే కట్టాలి.

ముందు ఆ రిపోర్టు సంగతి. టీ-స్కోర్ అంటే ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటు ఎముక సాంద్రతకు మనది ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన కొలత ప్రకారం మైనస్ 1కి, మైనస్ 2.5కి మధ్య ఉంటే ఆస్టియోపీనియా, అంటే ఎముక కాస్త పల్చబడటం, మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువైతే ఆస్టియోపొరోసిస్. కానీ ఎముక విరిగే ప్రమాదం ఈ ఒక్క అంకె మీదే ఆధారపడదు. వయసు, ఇంతకుముందు చిన్న దెబ్బకే ఎముక విరగడం, అమ్మకో నాన్నకో తుంటి విరిగి ఉండటం, నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడటం, సిగరెట్, మద్యం ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. వీటన్నిటినీ కలిపి వచ్చే 10 ఏళ్లలో ఫ్రాక్చర్ అయ్యే అవకాశం ఎంతో అంచనా వేసే ఫ్రాక్స్ అనే లెక్క ఒకటుంది, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీలో తయారై 2008లో బయటికొచ్చింది. డాక్టర్‌ని దాని గురించి అడగండి. అలాగే ఎముకలు పల్చబడటానికి లోపల వేరే కారణం ఏదైనా ఉందేమో, అంటే థైరాయిడ్, పారాథైరాయిడ్, తిన్నది పేగుల్లో సరిగా ఇంకకపోవడం లాంటివి, రక్తపరీక్షలతో చూడమని కూడా అడగండి. ఆ కారణాన్ని వదిలేసి పైపైన ఎంత చేసినా ఫలితం అంతంతమాత్రమే, ఏ కోచింగ్ ప్రోగ్రామూ దాన్ని కనిపెట్టలేదు.

ఎముక ప్రాణమున్న కణజాలం. ఒక రకం కణాలు పాత ఎముకను తినేస్తుంటే ఇంకో రకం కణాలు కొత్తది కడుతుంటాయి, అలా ఏటా మన అస్థిపంజరంలో దాదాపు 10 శాతం మారిపోతుంది. 30 ఏళ్లు వచ్చేసరికి పోగయ్యేది దాదాపు పోగైపోతుంది. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయి ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోయాక తినే కణాలదే పైచేయి అవుతుంది, ఆ తర్వాతి 5 నుంచి 7 ఏళ్లలో ఎముక సాంద్రత 20 శాతం దాకా తగ్గొచ్చు. ఇంత వేగంగా కూలుస్తున్నప్పుడు కాల్షియం ఒక్కటే వేసుకోవడం అంటే మేస్త్రీ లేని చోట ఇటుకలు దింపించడమే. ఇటుకలు కావాలి, కానీ అవి వాటంతట అవే గోడ అయిపోవు.

అలాగని కాల్షియాన్ని తేలిగ్గా తీసుకోమని కాదు. 50 దాటిన ఆడవాళ్లకు, 70 దాటిన మగవాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాములు, మిగతా పెద్దవాళ్లకు 1000 మిల్లీగ్రాములు కావాలని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. ఇది తిండి, మాత్రలు రెండూ కలిపి, మాత్రల్లోనే అంత వేసుకోమని కాదు. ముందు తిండిలో ఎంత వస్తోందో లెక్క వేసుకోండి. ఒక పెద్ద గ్లాసు పాలల్లో సుమారు 300 మిల్లీగ్రాములు ఉంటుంది, పెరుగులోనూ దాదాపు అంతే. పాలు పడనివాళ్లకు కాల్షియం కలిపిన సోయా పాలు, టోఫు, ముళ్లతో సహా తినే చిన్న చేపలు, నువ్వులు, కొన్ని ఆకుకూరలు ఉన్నాయి. పాలకూరలో కాల్షియం బాగానే ఉంటుంది కానీ అందులోని ఆక్సలేట్ దాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి ఒంటికి చేరేది చాలా తక్కువ, దాన్ని కాల్షియం లెక్కలో వేసుకోకండి. ఉప్పు ఎక్కువ తింటే మూత్రంలో కాల్షియం ఎక్కువ పోతుంది.

తిండిలో ఎంత తగ్గుతోందో అంతకే మాత్ర. ఒకేసారి 500 మిల్లీగ్రాములు మించి వేసుకుంటే ఒంటికి పట్టే భాగం తగ్గిపోతుంది, అందుకని విడదీసి వేసుకోవాలి. సీసా మీద కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు అని రాసి ఉంటే అందులో అసలు కాల్షియం 500 మాత్రమే. కార్బొనేట్ అయితే భోజనంతో, సిట్రేట్ అయితే ఎప్పుడైనా వేసుకోవచ్చు. గ్యాస్‌కి రోజూ మాత్రలు వాడేవాళ్లకు కడుపులో ఆమ్లం తక్కువ కాబట్టి సిట్రేటే నయం. ఇంకో ముఖ్యమైన సంగతి, థైరాయిడ్ మాత్రకూ కాల్షియానికీ కనీసం 4 గంటల ఎడం ఉండాలి. రెండూ కలిపి వేసుకుంటే థైరాయిడ్ మందు సరిగా పట్టదు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

విటమిన్ డి విషయంలో జనం రెండు చివర్లకూ పోతారు. అసలు టెస్టే చేయించుకోని వాళ్లు కొందరు, పెద్ద డోసు ఒక్కసారే మింగేసి సంవత్సరం నిశ్చింతగా ఉందామనుకునే వాళ్లు కొందరు. ఆస్ట్రేలియాలో పెద్ద వయసు ఆడవాళ్లకు ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూశారు, 2010లో ఆ ఫలితాలు వచ్చాయి. పడిపోవడాలు, ఫ్రాక్చర్లు తగ్గకపోగా పెరిగాయి. 2022లో వచ్చిన వైటల్ అనే పెద్ద అధ్యయనంలో, లోపం ఉందో లేదో చూడకుండా మామూలు ఆరోగ్యవంతులకు రోజుకు 2000 యూనిట్లు ఇస్తే ఫ్రాక్చర్లు తగ్గలేదు. అంటే లోపం ఉంటే సరిచేసుకోవాలి, ఆస్టియోపొరోసిస్‌కి మందు వాడేవాళ్లకు డి సరిపడా ఉండి తీరాలి, అంతకు మించి పోసినంత మాత్రాన అదనపు లాభం లేదు.

ప్రొటీన్ గురించి మాత్రం ఎవరూ చెప్పరు, నాకు అదే బాధ. ఎముకలో ఖనిజంతో పాటు ప్రొటీన్ అల్లిక కూడా ఉంటుంది, పైగా కండ లేకపోతే ఎముక మీద బరువు పడేదే లేదు. వయసు మళ్లినవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా కావాలని నిపుణులు చెబుతున్నారు. కిడ్నీ జబ్బు ఉంటే లెక్క వేరు. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు, మీరు ఒక రోజు తిన్నది రాసుకుని కూడి చూడండి, చాలామందికి ఇంత రాదు.

ఇక అసలు విషయం, వ్యాయామం. నడక మంచిదే, గుండెకి, షుగర్‌కి, మనసుకి. కానీ మామూలు నడక ఒక్కటే ఎముక సాంద్రతను చెప్పుకోదగ్గంతగా పెంచదు. ఈత, సైకిల్ కూడా అంతే, వాటిలో ఎముకల మీద బరువు పడదు. ఎముక తనకు అలవాటైన దానికి స్పందించదు, అలవాటు లేనంత బరువు పడితేనే కదులుతుంది. పడే బరువును బట్టి ఎముక తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. దీనికి తిరగేసిన రుజువు అంతరిక్షంలో కనబడుతుంది, బరువే తెలియని చోట వ్యోమగాముల తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా తగ్గిపోతుంది.

నన్ను మార్చింది లిఫ్ట్‌మోర్ అనే అధ్యయనం. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ యూనివర్సిటీ వాళ్లు మెనోపాజ్ దాటి ఎముక సాంద్రత తక్కువగా ఉన్న 101 మంది ఆడవాళ్లను తీసుకున్నారు. ఒక గుంపు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, 8 నెలలపాటు డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు పైకెత్తడం), స్క్వాట్ (బరువుతో గుంజీలా కూర్చుని లేవడం), ఓవర్‌హెడ్ ప్రెస్ (బరువును తల పైకి నెట్టడం) చేసి, బార్ పట్టుకుని ఎగిరి కాళ్ల మీద గట్టిగా దిగింది. తేలిక బరువులు కావు, ఒకే ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 80 నుంచి 85 శాతం. వాళ్ల నడుము వెన్నెముక సాంద్రత సగటున 2.9 శాతం పెరిగింది, ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసుకున్న గుంపుకి 1.2 శాతం తగ్గింది. ఇది చదివి రేపే జిమ్‌కి వెళ్లి బార్ ఎత్తేయకండి. వాళ్లు మొదటి నెల తక్కువ బరువుతో కేవలం పద్ధతి నేర్చుకున్నారు, ప్రతి క్లాసులోనూ శిక్షణ ఉన్న మనిషి పక్కనే నిలబడి చూశారు. కోచ్ ఎందుకు అని అడిగితే నేను చూపించే జవాబు ఇదే.

ఎందుకంటే తప్పు వ్యాయామం ఎముక విరిచేస్తుంది కూడా. 1984లో మేయో క్లినిక్ నుంచి వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, నెలసరి ఆగాక ఆస్టియోపొరోసిస్ ఉన్న ఆడవాళ్లలో ముందుకు వంగే వ్యాయామాలు చేసినవాళ్లకు 89 శాతం మందిలో వెన్నుపూసలు కొత్తగా నలిగాయి, వీపును వెనక్కి సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్లలో 16 శాతం మందికే. అందుకే క్రంచెస్, సిట్-అప్స్, వీపు గుండ్రంగా వంచి కాలి వేళ్లు అందుకోవడం, బరువుతో నడుము మెలితిప్పడం మనకు వద్దు. వంగాల్సి వస్తే నడుము దగ్గర కాకుండా తుంటి దగ్గర మడవాలి, వీపు నిటారుగా ఉండాలి. చూడ్డానికి చిన్న తేడా, కానీ అద్దంలో చూసుకుంటూ మనంతట మనం పట్టుకోలేం. నా కోచ్ మొదటి వారాలన్నీ దీని మీదే పెట్టింది, చేతిలో ఒట్టి కర్ర మాత్రమే ఇచ్చి. ఎత్తు 4 సెంటీమీటర్ల దాకా తగ్గినట్టు అనిపించినా, వీపు మధ్యలో కొత్తగా నొప్పి ఉన్నా, బరువులు మొదలుపెట్టకముందే వెన్నెముక ఎక్స్‌రే తీయించుకోండి. నొప్పి లేకుండానే నలిగిన వెన్నుపూసలు చాలామందిలో ఉంటాయి.

బ్యాలెన్స్ కూడా కలపాలి. తుంటి ఫ్రాక్చర్లలో దాదాపు అన్నీ పడిపోవడం వల్లే అవుతాయి. ఒంటికాలి మీద నిలబడటం (పక్కన పట్టుకోవడానికి ఆధారం ఉంచుకుని), మడమ-వేలు నడక, తైచీ (నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామం) లాంటివి పడిపోయే ప్రమాదాన్ని తగ్గిస్తాయి. కళ్లద్దాల నంబరు, నిద్రమాత్రలు, రాత్రి బాత్రూమ్ దారిలో లైటు, ఇవీ ఎముకల వైద్యంలో భాగమే.

ప్రోగ్రామ్ ఎంచుకునేటప్పుడు నేను చూసింది ఒకటే, వాళ్లు ముందు నన్ను అడుగుతారా, లేక ముందు డబ్బు అడుగుతారా. నేను చేరిన చోట స్కాన్ రిపోర్టు, పాత ఫ్రాక్చర్లు, వాడే మందులు అన్నీ అడిగి, డాక్టర్ సరే అన్నాకే మొదలుపెట్టారు. బరువు ఎప్పుడు, ఎంత పెంచాలో రాసిపెడతారు. ఆన్‌లైన్ అయినా ఫరవాలేదు, కానీ రికార్డు చేసిన వీడియోలు పంపి వదిలేసేది కాకుండా, మీరు చేస్తుంటే చూసి సరిదిద్దే మనిషి ఉండాలి. ఇంకో చోట మాట్లాడితే మొదటి కాల్‌లోనే డాక్టర్ రాసిన మందు ఆపేయమన్నారు, వాళ్ల సొంత పౌడర్ కొనమన్నారు. అక్కడితో ఫోన్ పెట్టేశాను.

మందు గురించి సూటిగా చెప్తాను. ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ఇప్పటికే తుంటో వెన్నుపూసో విరిగినవాళ్లకు, వ్యాయామం మందుకు బదులు కాదు. అలెండ్రొనేట్ లాంటి ఎముకల మందులు ఫ్రాక్చర్లను తగ్గిస్తాయని పక్కాగా తేలింది. దవడ ఎముక సమస్య, తొడ ఎముక వింతగా విరగడం లాంటి దుష్ప్రభావాలు నిజమే, కానీ చాలా అరుదు, కొన్నేళ్లు వాడాక విరామం ఇవ్వొచ్చా అన్నది డాక్టర్ చూస్తారు. ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్లు మాత్రం దయచేసి ఏ కోచ్ మాటా విని దాన్ని ఆపకండి, వాయిదా కూడా వేయకండి. ఆపితే పెరిగిన సాంద్రత వేగంగా పడిపోయి ఒకేసారి రెండు మూడు వెన్నుపూసలు విరిగిన సందర్భాలున్నాయి, ఆపాల్సి వస్తే వెంటనే ఇంకో మందు మొదలుపెట్టాలి.

ప్రోగ్రామ్‌లు చూపించే “ముందు, తర్వాత” స్కాన్‌ల గురించి కూడా తెలుసుకోవాలి. ఒకే మనిషికి ఒకే మెషీన్ మీద రెండుసార్లు తీసినా కాస్త తేడా వస్తుంది, సాధారణంగా 3 నుంచి 5 శాతం లోపు మార్పు అయితే అది నిజమైన మార్పేనని ఒక్క మనిషి విషయంలో గట్టిగా చెప్పలేం. మెషీన్ మారితే పోల్చడమే కష్టం. ఇంకొకటి, స్ట్రాన్షియం సిట్రేట్ అనే సప్లిమెంట్‌ని కొందరు బాగా అమ్ముతారు. స్ట్రాన్షియం అణువు కాల్షియం కంటే బరువైనది, ఎముకలో చేరితే ఎక్స్‌రేని ఎక్కువగా అడ్డుకుంటుంది, దాంతో స్కాన్‌లో సాంద్రత ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుంది. మీరు అది వాడుతుంటే స్కాన్ రోజు తప్పకుండా చెప్పండి. రక్తం పల్చబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లు విటమిన్ కె కలిపిన మాత్రలు తీసుకుంటుంటే అది డాక్టర్‌కి ఇంకా ముందే చెప్పాలి, ఆ మందు లెక్క తప్పిపోతుంది.

నా తర్వాతి స్కాన్ అదే మెషీన్ మీద, డాక్టర్ చెప్పిన గడువుకే. అంకె కదలకపోయినా నాకు ఫరవాలేదు, ఈ వయసులో తగ్గాల్సింది తగ్గకుండా ఆగితే అది లాభమే. పడిపోతే మాత్రం ఆ రిపోర్టు పట్టుకుని డాక్టర్ దగ్గరికే వెళ్తాను, మందు మార్చాలా అని అడగడానికి. బరువులు ఎత్తడం ఎటూ ఆపను.