ఆర్గన్ మీద హరినామం

నాహం వసామి వైకుంఠే న యోగిహృదయే రవౌ ।
మద్భక్తా యత్ర గాయంతి తత్ర తిష్ఠామి నారద ॥

"నారదా! నేనుండేది వైకుంఠంలో కాదు, యోగుల గుండెల్లో కాదు, సూర్యుడిలోనూ కాదు. నా భక్తులు ఎక్కడ పాడుతుంటే అక్కడ ఉంటాను" అన్నాడు స్వామి. ఏ రాగంలో పాడాలో, పక్కన ఏ వాయిద్యం ఉండాలో మాత్రం చెప్పలేదు. ఈ శ్లోకం చదివినప్పుడల్లా నాకు ఆలిస్ కోల్ట్రేన్ గుర్తొస్తారు.

ఆవిడ 1937లో అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టారు. చిన్నతనంలోనే చర్చిలో ఆర్గన్ వాయించారు, పెద్దయ్యాక జాజ్ (అమెరికా నల్లవారి సంగీతం) పియానిస్టు అయ్యారు. భర్త జాన్ కోల్ట్రేన్ గొప్ప శాక్సఫోన్ విద్వాంసుడు. 1967లో నలభై ఏళ్లకే పోయారు. ఇంట్లో నలుగురు చిన్నపిల్లలు. నిద్ర పట్టక, ఒళ్లు చిక్కిపోయిన ఆ రోజుల తర్వాత ఆవిడకు యోగగురువు స్వామి సచ్చిదానంద దారి చూపారు. ఆపైన తురీయ సంగీతానంద అన్న పేరు తీసుకున్నారు. 1983లో కాలిఫోర్నియాలోని అగౌరా హిల్స్ దగ్గర ఆశ్రమం పెట్టారు. మన పుట్టపర్తి బాబా మీద భక్తితో దానికి సాయి అనంతం అన్న పేరు వచ్చింది.

అక్కడి భజనలు విన్నారా? ముందు ఆర్గన్ చర్చిలో మోగినట్టే బరువుగా మొదలవుతుంది. చప్పట్లు కలుస్తాయి. ఒక గొంతు నామం ఎత్తుకుంటే మిగతా అందరూ అందుకుంటారు. నల్లవారి చర్చిలో పాట నడిచే తీరూ ఇదే, మన భజన నడిచే తీరూ ఇదే. మధ్యలో సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం స్వరం కింది నుంచి జారుతూ పైపైకి పోతుంది. అది విన్నప్పుడు నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

పూజలో జాజ్ ఏమిటని బాధపడేవాళ్లున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. వాయించేవాడి గొప్ప కనిపించి నామం వెనకబడితే అది కచేరీ అయిపోతుంది, నిజమే. కానీ మన భజనలో హార్మోనియం, కచేరీలో వయొలిన్ కూడా పడమటి నుంచి వచ్చినవే కదా! జాజ్‌లో అప్పటికప్పుడు పుట్టే స్వరాన్ని మనవాళ్లు మనోధర్మం అంటారు. ఆలిస్ తనకొచ్చిన విద్యంతా తెచ్చి స్వామి ముందు పెట్టారు. దాచుకోలేదు.

2007లో ఆవిడ వెళ్లిపోయారు. 2018 కార్చిచ్చులో ఆశ్రమం కాలిపోయింది. ఆశ్రమవాసుల కోసం చేసిన క్యాసెట్లలోని పాటలు మిగిలాయి. ఒకరోజు పొద్దున్నే దీపం పెట్టి వింటుంటే, అమ్మ వత్తులు చేస్తూ ఆగి, "ఎవర్రా ఈవిడ? నామాన్ని ఇంత నెమ్మదిగా, వదల్లేక వదల్లేక పాడుతోంది" అంది. కాసేపటికి తనూ అందుకుంది.