వేల్స్ బొంతల మీద కుట్టుతో పెట్టిన ముగ్గు

మన దగ్గర బొంతలో కుట్టుకు ముఖ్యమైన పని ఒకటే, పాత చీరల పొరలు జరగకుండా పట్టి ఉంచడం. బ్రిటన్‌లోని వేల్స్ దేశపు పాత క్విల్టుల్లో, అంటే అక్కడి బొంతల్లో, అదే పరుగు కుట్టు బొమ్మ కూడా గీస్తుంది. వాటిలో పేరున్న ఒక రకానికి పైబట్ట ఒకే రంగు. దాంట్లో ముక్కల అతుకులు ఉండవు. కనిపించే అందమంతా సూది దిగినచోట పడిన పల్లం, దాని పక్కన లేచిన ఉబ్బు.

ఆ ఉబ్బుకు కారణం లోపలి ఉన్ని. దూది వాడేకొద్దీ అణిగి గట్టిపడుతుంది. ఏకిన గొర్రె ఉన్నికి సహజంగా వంపులుంటాయి కాబట్టి నొక్కినా మళ్లీ లేస్తుంది. అందుకే వందేళ్ల నాటి క్విల్టులో కూడా గీత తేటగా కనిపిస్తుంది. మందం ఎక్కువ కాబట్టి కుట్లు మరీ చిన్నగా రావు. అంగుళానికి ఎన్ని కుట్లని లెక్కపెట్టి తక్కువ పని అనేయడం అన్యాయం. కుట్టుకూ కుట్టుకూ ఎడం సమంగా ఉందా, వంపు తిరిగే చోట గీత విరిగిందా అన్నది చూడాలి.

డిజైన్‌ను నడుమ నుంచి బయటికి చదవాలి. మధ్యలో పెద్ద వృత్తమో చతురస్రమో, చుట్టూ ఒకదాని తర్వాత ఒకటి అంచు పట్టీలు. జంట గీతలతో గదులు విడదీసి, వాటిలో నత్తచుట్లు, ఆకులు, హృదయాలు, విసనకర్రలు నింపుతారు. చెక్క చట్రానికి బట్ట బిగించి, సుద్దతో గీసుకుని, గుండ్రాలకు ఇంట్లోని పళ్లేలూ సాసర్లూ బోర్లించేవారు. మూల తిరిగేచోట పట్టీ ఎలా కలిసిందో తప్పక చూడండి. కుట్టినవాళ్ల లెక్క అక్కడే తెలుస్తుంది.

చూసేటప్పుడు నడినెత్తిన ట్యూబ్‌లైట్ వద్దు, నీడలు చచ్చిపోతాయి. కిటికీ పక్కన పరిచి ఏటవాలు వెలుతురులో చూడాలి. తర్వాత తిరగేయండి. మంచి పనిలో వెనకవైపు కూడా బొమ్మ అంతే స్పష్టంగా ఉంటుంది. అంచులను రెండువైపులా లోపలికి మడిచి పరుగు కుట్టు వేయడం అక్కడి పద్ధతి. విడిగా పట్టీ వేసి ఉంటే అది తర్వాతి మరమ్మతు కావచ్చు.

1928లో బ్రిటన్‌లోని రూరల్ ఇండస్ట్రీస్ బ్యూరో అనే గ్రామీణ పరిశ్రమల సంస్థ దక్షిణ వేల్స్ బొగ్గుగనుల ప్రాంతాల ఆడవాళ్లకు ఈ పని మీద ఆదాయం వచ్చేలా పథకం పెట్టింది. లండన్‌లోని క్లారిడ్జెస్ హోటల్ కూడా వాళ్ల క్విల్టులు కొన్నది. కార్డిఫ్ దగ్గర సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో పాతవి భద్రంగా ఉన్నాయి.

చేసి చూడాలంటే 18 అంగుళాల ముక్క చాలు. మన గొంగడి లోపల పెట్టకండి, నేత బిగువుకు సూది మొరాయిస్తుంది. ఏకిన ఉన్ని దొరక్కపోతే అరిగిన ఉన్ని శాలువా పెట్టండి, ఉబ్బు తగ్గినా గీత వస్తుంది. వేల్స్‌లోనూ పాత దుప్పట్లు పెట్టేవారు. మూడు పొరలకూ బెత్తెడు దూరంలో కచ్చా కుట్లు వేసి నడుమ నుంచి మొదలుపెట్టండి. అంచుల నుంచి కుట్టుకొస్తే మిగులు బట్టంతా మధ్యకు చేరి ముడత పడుతుంది, ఆ ముడత విప్పితే తప్ప పోదు. దారం బిగించి లాగితే గీత పొడవునా కుచ్చులు వస్తాయి. ముడిని చిన్నగా గుంజి లోపలి పొరలోకి దించేయండి. ఉతికేటప్పుడు వేడినీళ్లు, రుద్దడం రెండూ వద్దు. ఉన్ని గడ్డకట్టి కుంచించుకుపోతుంది, బొమ్మంతా వంకర తిరుగుతుంది.