రాత్రి గడియలలో

"నాకు ఆలోచనకర్తయైన యెహోవాను స్తుతించెదను, రాత్రిగడియలలో నా అంతరింద్రియము నాకు బోధించుచున్నది." కీర్తనలు 16:7

సండే స్కూల్లో కంఠతా పట్టిన వచనం ఇది. అంతరింద్రియం అంటే మనసు అనుకునేదాన్ని. మా వారికి కిడ్నీ మార్పిడి అయ్యాకే తెలిసింది, హెబ్రీలో అక్కడున్న మాటకు అసలు అర్థం మూత్రపిండాలని. "నా అంతరింద్రియములను నీవే కలుగజేసితివి" అనే 139వ కీర్తనలోనూ అదే మాట. మనిషి లోలోపలి ఆలోచన పుట్టే చోటు అదేనని ఆ కాలపువాళ్ళు భావించేవారు. అది తెలిసిన రోజు బైబిలు మూయలేక చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఎందుకంటే మా రాత్రి గడియలన్నీ ఆ కిడ్నీతోనే గడిచాయి. రెండింటికి లేచి, కొలత జగ్గులో యూరిన్ ఎంత వచ్చిందో చూసి, నోట్‌బుక్‌లో టైము వేసి రాసేదాన్ని. కాస్త తగ్గినా టెన్షన్. కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా అన్నం సహించేది కాదు. "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు" అనుకుంటూ మళ్ళీ పడుకునేదాన్ని. ఆయన మేలుకుని ఉన్నాడు కాబట్టే నాకు ఆ కాస్త నిద్రయినా పట్టింది.

కొత్త కిడ్నీని పొత్తికడుపులో ఒక పక్కన అమరుస్తారు. పాతవాటిని చాలామందికి తీయరు. వచ్చింది ప్రాణం నిలిపేదే అయినా శరీరం దాన్ని పరాయిదిగానే చూస్తుంది, తోసేయాలని చూస్తుంది. అందుకే ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి టాక్రోలిమస్, అంటే శరీరం కిడ్నీని తోసేయకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్ర. గంట తప్పకూడదు. రక్తంలో ఆ మందు ఎంత ఉందో చూసే లెవల్ టెస్టు రోజున మాత్రం రక్తం ఇచ్చాకే ఉదయం మాత్ర.

చూడటానికి వచ్చిన ఒకావిడ, "విశ్వాసం ఉంటే ఇన్ని మాత్రలెందుకమ్మా, ఆ మాస్కు ఎందుకు?" అంది. ఆ రోజు నోరు పెగల్లేదు. తర్వాత బైబిల్లో మరణకరమైన జబ్బు చేసిన యూదా రాజు హిజ్కియా గుర్తొచ్చాడు. బాగుచేస్తాననీ, ఇంకా 15 ఏళ్ళ ఆయుష్షు ఇస్తాననీ దేవుడు మాట ఇచ్చాడు. ఆ మాట తెచ్చిన ప్రవక్త యెషయానే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. రాజుల రెండో గ్రంథం 20వ అధ్యాయంలో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మా ఇంట్లో అంజూరపు ముద్ద ఆ మాత్రల డబ్బానే.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నాకు బరువైనది. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించాక కిడ్నీ దొరకాలని రోజూ ప్రార్థించాను. ఫోన్ వచ్చిన రాత్రి మా ఇంట్లో స్తోత్రం. ఇంకో ఇంట్లో, బ్రెయిన్ డెడ్ అని డాక్టర్లు చెప్పిన మనిషి చుట్టూ ఏడుపు. ఆ చావు నేను కోరలేదు. కానీ నా ప్రార్థనకు జవాబు ఆ గుమ్మం దాటే వచ్చింది. అంత దుఃఖంలోనూ వాళ్ళు సరేనన్నారు. దీన్ని దేవుని ముందు ఎలా పెట్టాలో తెలియక కొన్నాళ్ళు స్తుతి కూడా గొంతులో ఆగిపోయేది.

వాళ్ళెవరో మాకు చెప్పలేదు. ఏ ఊరో, ఏ దేవుణ్ణి కొలుస్తారో తెలియదు. రాత్రి తొమ్మిదికి అలారం మోగగానే మా వారు మాత్ర అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంటారు. మొదట వాళ్ళ కోసం ప్రార్థిస్తాం. ఆ తర్వాతే నీళ్ళ గ్లాసు అందిస్తాను.