అత్తగారికి నాణెం కొట్టించిన చక్రవర్తి ప్రియుడికెందుకు కొట్టించలేదు?

హేడ్రియన్ అని ఒక రోమన్ చక్రవర్తి, క్రీ.శ. 117 నుంచి 138 దాకా ఏలాడు. వాళ్ళ అత్తగారు మటిడియా పోతే ఆవిడని దేవతని చేసి రోమ్ టంకశాలలో నాణేలు కొట్టించాడు. చాలా ఏళ్ళకి భార్య సబీనా పోయింది, వాళ్ళిద్దరికీ అస్సలు పడేది కాదని పాత చరిత్రకారులే రాసి పెట్టారు, అయినా ఆవిడకీ దేవత హోదా ఇచ్చి, గద్ద మీద కూర్చుని పైలోకానికి పోతున్న బొమ్మతో బంగారు నాణేలు వేయించాడు. కానీ ఎవరు పోయినప్పుడు మాత్రం ఆడదానిలా ఏడ్చాడని లోకం నవ్విందో, ఎవరి పేరు మీద ఏకంగా ఒక ఊరే కట్టించాడో, ఆ అబ్బాయికి మాత్రం రోమ్ టంకశాల నుంచి ఒక్క నాణెం లేదు. బంగారం లేదు, వెండి లేదు, రాగి కూడా లేదు.

ఆ అబ్బాయి పేరు ఆంటినోయస్. సొంతూరు బిథీనియం, అంటే ఇప్పటి టర్కీలో బోలు అనే టౌన్. 130 అక్టోబర్‌లో చక్రవర్తి పరివారంతో పాటు ఈజిప్టులో నైలు నది మీద పోతూ నీళ్ళలో మునిగి చనిపోయాడు, అప్పటికి ఇరవై నిండాయో లేదో. నదిలో పడిపోయాడని హేడ్రియన్ రాసుకున్నాడు, కాదు బలి ఇచ్చారని ఆ తర్వాత డియో కాసియస్ అనే చరిత్రకారుడు రాశాడు. హేడ్రియన్‌కి అప్పుడు 54 ఏళ్ళు. దీన్ని గొప్ప ప్రేమకథ అని ఇంటర్నెట్‌లో తెగ మురిసిపోతుంటారు గానీ, నాకు మటుకు ఒకటి గుచ్చుకుంటూనే ఉంటుంది, ఆ కుర్రాడు తన నోటితో అన్న మాట ఒక్కటి కూడా మన దాకా రాలేదు, శిల్పాలు బోలెడు, నాణేలు బోలెడు, మాట మాత్రం లేదు. ఎదుటోడు చక్రవర్తి అయినప్పుడు కాదనే ఛాన్స్ ఎంతుంటుంది చెప్పండి.

సరే, నాణేల సంగతికి వద్దాం. రోమ్ వేయలేదు అన్నాను కదా, మరి ఆయన బొమ్మతో నాణేలు లేవా అంటే ఉన్నాయి, తూర్పున గ్రీకు మాట్లాడే ఊళ్ళు 30కి పైగా వేశాయి. అప్పట్లో బంగారం, వెండి చాలావరకు పెద్ద టంకశాలల చేతిలో ఉండేవి, చిల్లర మాత్రం తూర్పు ఊళ్ళు తమకి తాము కొట్టుకునేవి, ఆ ఊళ్ళో, ఆ చుట్టుపక్కలే చెల్లేవి. సైఫాబాద్ మింట్ మ్యూజియంలో పాత మెషీన్లు చూసినవాళ్ళు అదంతా మర్చిపోండి, ఇక్కడ మెషీన్ లేదు ఏం లేదు, కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్యలో కాల్చిన కంచు బిళ్ళ, ఒక్క సుత్తి దెబ్బ. అలా కొట్టి కూడా ఆ ముఖం భలే తెచ్చారు: ఒత్తయిన ఉంగరాల జుట్టు, నిండు పెదాలు, కొంచెం దించుకున్న తల. పేరు చదవకుండానే గుర్తుపట్టొచ్చు. కొన్నయితే దాదాపు 4 సెంటీమీటర్ల వెడల్పు, మన నిజాం కాలం వెండి రూపాయి కంటే పెద్దవి, అంత పెద్దవి చిల్లర కోసం కాదు, పండగలప్పుడు, ఆటల పోటీలప్పుడు పంచుకోవడానికే అనిపిస్తుంది నాకైతే.

ఇప్పుడు అసలు మజా. ఈ నాణేలు తిరగేస్తే వెనకాల చక్రవర్తి పేరు కాదు, ఊళ్ళో పెద్దమనుషుల పేర్లుంటాయి. స్మిర్నా (ఇప్పటి ఇజ్మీర్) నాణెం మీద ఎద్దు బొమ్మ, దాని చుట్టూ పోలెమోన్ ఇది స్మిర్నా జనానికి సమర్పించాడు అని రాత. పోలెమోన్ అంటే ఆ కాలంలో పెద్ద ఉపన్యాసకుడు, హేడ్రియన్‌కి బాగా కావాల్సినవాడు, ఏథెన్స్‌లో జ్యూస్ అనే గ్రీకు దేవుడి మహా గుడి తెరిచినప్పుడు ప్రసంగం చేసింది కూడా ఈయనే. కోరింథ్‌లో హోస్టీలియస్ మార్సెల్లస్ అని ఒకాయన, తాను ఆంటినోయస్ పూజారినని నాణెం మీదే వేయించుకున్నాడు. గ్రీసులోనే మాంటినియా వైపు వెటూరియస్ అని ఇంకొకాయన, గుర్రం బొమ్మతో, ఆర్కేడియా (మాంటినియా ఉన్న ప్రాంతం) వాళ్ళకి నా కానుక అని. ఇది చూడగానే నాకు మన హైదరాబాద్ ఫ్లెక్సీలే గుర్తొచ్చాయి, నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలో నాయకుడి ఫొటో ఎంతుంటుందో కింద శుభాకాంక్షలతో అని డివిజన్ లీడర్ ఫొటో కూడా దాదాపు అంతే ఉంటుంది చూడండి, అచ్చం అదే. చక్రవర్తి ఏడుస్తున్నాడు, ఆయన కంట్లో పడాలంటే ఇంతకంటే మంచి టైమ్ రాదు.

అలాగని అంతా భజనే అని కొట్టిపారేయలేం. బిథీనియం వాళ్ళ నాణెం మీద ఆంటినోయస్ దేవుడు అనీ, ఇది అతని సొంతూరు అనీ ఉంటుంది, మా ఊరి పిల్లాడు అన్న గర్వం ఉంది అందులో. మాంటినియా వాళ్ళకీ అదే లెక్క, బిథీనియం వాళ్ళ పూర్వీకులు ఇక్కడి నుంచే వెళ్ళారంట, కాబట్టి మావాడే అని గుడి కట్టి పోటీలు కూడా పెట్టారు. అలెగ్జాండ్రియా స్టైల్ పూర్తిగా వేరు, తల మీద ఈజిప్టు దేవుళ్ళ కిరీటం పెట్టి, వెనక వైపు గ్రీకు దేవుడు హెర్మిస్ లాగా గుర్రం ఎక్కించారు. కొన్ని ఊళ్ళు వీరుడు అని రాసి ఊరుకున్నాయి, కొన్ని నేరుగా దేవుడే అన్నాయి, పైనుంచి ఒకటే ఆర్డర్ వచ్చి ఉంటే ఇన్ని రకాలు ఉండేవి కాదు కదా. పైగా ఈ నాణేల్లో కొన్నిటికి పైభాగంలో రంధ్రం ఉంటుంది, అంటే ఎవరో తాడు గుచ్చి మెడలో వేసుకున్నారు. హేడ్రియన్ పోయాక కూడా రెండు మూడు వందల ఏళ్ళు క్రైస్తవ రచయితలు ఈ దేవుణ్ణి పట్టుకుని తిట్టిపోస్తూనే ఉన్నారు, మరి జనం మర్చిపోయిన దేవుణ్ణి అంత పనిగట్టుకుని ఎవరు తిడతారు?

మా బావమరిదికి ఇదంతా ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ చెప్తే వాడు అడిగిన ప్రశ్న ఒక్కటే, "అంత ప్రేముంటే బంగారంలోనే కొట్టించొచ్చు కదా బావా, అడ్డం ఎవరు?" అని. కరెక్ట్ ప్రశ్నే. నాకు తోచిన జవాబు సెనేట్, అంటే రోమ్ పెద్దల సభ. చనిపోయినవాళ్ళని రోమ్‌లో దేవుళ్ళని చేయాలంటే సెనేట్ తీర్మానం ఉండాలి, మటిడియాకీ సబీనాకీ అదే దారి, వాళ్ళు రాజకుటుంబం కాబట్టి ఎవరూ నోరెత్తరు. ఆంటినోయస్ ఏ చుట్టమని పెడతారు తీర్మానం? హేడ్రియన్‌కి సెనేట్‌కి మొదటి నుంచీ చెడింది, గద్దెనెక్కిన కొత్తలోనే కాన్సుల్ అనే పెద్ద పదవి చేసిన నలుగురు పెద్దల్ని చంపేశారు, ఆ కోపం ఎంత దూరం పోయిందంటే 138లో హేడ్రియన్ పోయాక ఆయన్నే దేవుణ్ణి చేయడానికి సెనేట్ మొరాయించింది, దత్తపుత్రుడు ఆంటోనినస్ పయస్ గట్టిగా పట్టుబడితే గానీ కాలేదు. అందుకే ఆంటినోయస్ దైవత్వం రోమ్ చట్టం అవతల, గ్రీకు ఊళ్ళ భక్తిలో పెరిగింది. వాళ్ళకి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు.

ఈ ఆంటోనినస్ పయస్ కథ చూడండి ఎంత తేడానో. 140లో ఆయన భార్య ఫౌస్టీనా పోయింది. సెనేట్ సరే అంది, రోమ్ నడిబొడ్డున ఫోరం అనే చోట గుడి లేచింది (తర్వాత చర్చి అయింది, స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి), ఆవిడ పేరు మీద ఆడపిల్లల కోసం నిధి పెట్టారు, రోమ్ టంకశాల బంగారం, వెండి, కంచు మూడిట్లోనూ దేవత ఫౌస్టీనా నాణేలు ఏళ్ళ తరబడి కొట్టింది. ఎన్ని కొట్టారంటే ఆవిడ వెండి నాణేలు ఈరోజుకీ నాణేల మార్కెట్లో సులువుగా దొరికే రోమన్ నాణేల్లో ఒకటి.

ఆ ఫౌస్టీనా మన కృష్ణా నది దాకా వచ్చింది! నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో ఆవిడది ఒకటి ఉంది. ఇక్ష్వాకుల విజయపురి, ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉన్న ఊరు, అక్కడికి ఒక రోమన్ మహారాణి ముఖం వచ్చి చేరింది. మనవైపు రోమన్ నాణేలు కొత్తేం కాదు, నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు 1,500కి పైగా ఒకేచోట బయటపడ్డాయి, మన పక్కనే సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌లో రోమన్ నాణేల్ని చూసి మట్టితో చేసుకున్న బిళ్ళలు కూడా దొరికాయి. మన దేశంలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో చాలావాటికి తల పైభాగంలో రంధ్రాలున్నాయి, మనవాళ్ళు మెడలో వేసుకోవడానికి పొడిపించుకున్నవి. ఫౌస్టీనా ఎవరో, ఎవరి భార్యో వాళ్ళకి అనవసరం, బంగారం బంగారమే. ఆంటినోయస్ మాత్రం రాలేదు, కంచు చిల్లర తీసుకొచ్చి మచిలీపట్నం వైపు రేవుల్లో ఎవరికిస్తారు, సరుకు అమ్మేవాడు మొహాన కొడతాడు. అంటే సెనేట్ ఒప్పుకుందా లేదా అన్న గొడవే చివరికి ఎవరి ముఖం సముద్రం దాటాలో తేల్చేసింది, నాకు ఈ మొత్తం వ్యవహారంలో తెగ నచ్చిన పాయింట్ ఇదే.

పబ్లిక్ గార్డెన్స్‌లో మన స్టేట్ మ్యూజియంకి వెళ్తే అందరూ నేరుగా ఈజిప్టు మమ్మీ దగ్గరికే పరిగెడతారు, పిల్లలున్నవాళ్ళకి వేరే దారి కూడా లేదనుకోండి. కానీ నాణేలున్న వైపు కూడా ఒక పది నిమిషాలు ఆగండి, మన జిల్లాల్లో పొలాల్లో బయటపడ్డవి చూస్తే ఇదంతా అంత దూరపు కథ కాదని తెలుస్తుంది.

చివరగా ఒక హెచ్చరిక, ఎందుకంటే ఇది చదివి ఎవరో ఒకరు ఆన్‌లైన్‌లో వెతుకుతారని తెలుసు. ఆంటినోయస్ నాణేలు అరుదు, పైగా ఆ అందం వల్ల కొనేవాళ్ళు ఎక్కువ, అందుకే నకిలీలు వందల ఏళ్ళ నుంచీ ఉన్నాయి. 1500ల్లోనే ఇటలీలోని పదువాలో కవీనో అనే ఆయన రోమన్ నాణేలకి ఎంత బాగా నకళ్ళు తీశాడంటే ఇప్పుడు ఆ నకళ్ళనే కలెక్టర్లు విడిగా కొంటున్నారు. ఫుట్‌పాత్ మీదో, ఫోన్ యాప్‌లోనో రెండు వేలకి ఆంటినోయస్ కంచు నాణెం అంటే అది నిన్నో మొన్నో పోత పోసిందే. ముచ్చట తీరాలంటే ఫౌస్టీనా వెండి నాణెం చూసుకోండి, బిల్లు ఇచ్చే డీలర్ దగ్గర మాత్రమే, ఇక పొలంలో దొరికింది అని ఎవరైనా తెస్తే అస్సలు ముట్టుకోవద్దు, అలా దొరికినవి చట్ట ప్రకారం సర్కారుకి చెప్పాల్సిందే.