అడుగున ఉండే బొమ్మ

డగ్లస్ మైల్స్ గారబ్బాయి స్కేట్‌బోర్డు మొదలుపెట్టిన రోజుల్లో షాపుల్లో డెక్కుల మీద, అంటే బోర్డు చెక్కల మీద, పుర్రెలు, మంటలు, కార్టూన్లు బోలెడు. అమెరికా మూలవాసి తెగ అపాచీకి చెందిన పిల్లాడు తనవాళ్ళని చూసుకునే బొమ్మ మాత్రం లేదు. మైల్స్ చిత్రకారుడు. కొడుకు బోర్డుకి తనే చేత్తో బొమ్మ వేసిచ్చారు. చూసిన పిల్లలు మాకూ కావాలన్నారు. 2002లో అపాచీ స్కేట్‌బోర్డ్స్ అలా పుట్టింది.

మేముండేది అరిజోనాలోని చాండ్లర్‌లో. సాన్ కార్లోస్ అపాచీ రిజర్వేషన్‌కి, అంటే ఆ తెగకి ప్రభుత్వం కేటాయించిన నేలకి, వెళ్ళాలంటే యూఎస్ 60 హైవే ఎక్కి, సుపీరియర్, గ్లోబ్ ఊళ్ళు దాటాలి. రెండు గంటల దారి. లేతాకుపచ్చ పెరిడాట్ రాయి ఉంది చూడండి, అది అక్కడ తవ్వుతారు. 1872లో ఆ రిజర్వేషన్ పెట్టి, ఒకరితో ఒకరికి పొసగని వేర్వేరు అపాచీ తెగల్ని ఆ ఎండలో ఒకే చోట కుక్కారు. కాపలా కాసిన సైనికులే దానికి ‘నరకపు నలభై ఎకరాలు’ అని పేరు పెట్టారట. అపాచీ పోరాట వీరుడు జెరోనిమో పదేపదే తప్పించుకుపోయింది అక్కణ్ణుంచే. తర్వాత కూలిడ్జ్ డ్యామ్ కట్టారు, పాత సాన్ కార్లోస్ ఊరు నీళ్ళలో మునిగిపోయింది. శ్రీశైలం ముంపు ఊళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

మైల్స్ గారు సాన్ కార్లోస్ అపాచీ, అకిమెల్ ఓదమ్ రెండు జాతులకీ చెందినవారు. ఓదమ్‌వాళ్ళు ఎవరో కాదు, చాండ్లర్ పక్కనే ఉన్న గీలా రివర్ రిజర్వేషన్ వాళ్ళు. మనవాళ్ళు ఐ-10 హైవే మీద ఆ నేలమీదుగానే రోజూ ఆఫీసులకి వెళ్తారు. అక్కడి క్యాసినో ఎక్కడుందో అందరికీ తెలుసు. ఆ నేల ఎవరిదో ఎవర్నడిగినా తెలీదంటారు. నాకూ స్కేట్‌బోర్డు పిచ్చి ఉన్న మా అబ్బాయి పుణ్యమా అనే తెలిసింది.

వాడికి కొన్న డెక్కు మీద అపాచీ వీరుడున్నాడు. కటౌట్ పెట్టి స్ప్రే చేసినట్టు గట్టి నలుపు గీతలు, సూటిగా చూసే కళ్ళు. విజయవాడ నుంచి వచ్చిన మా అత్తయ్యగారికి అది నచ్చలేదు. "ఏమ్మా, మనిషి బొమ్మ మీద కాళ్ళేసి తిరుగుతాడా వీడు?" అన్నారు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనిషి కదా. మావాడు బోర్డు తిరగేసి చూపించాడు. "కాళ్ళు పెట్టేది పైన నానమ్మా. బొమ్మ కిందుంటుంది." నిజమే, పైన గరుకుగా నల్లటి గ్రిప్ టేపు, అంతే. బొమ్మ కనిపించేది వాడు గాల్లోకి ఎగిరినప్పుడు, లేదా బోర్డు చంకలో పెట్టుకుని నడుస్తున్నప్పుడు. అంటే చూసేది ఎదుటివాళ్ళు.

అపాచీ స్కేట్‌బోర్డ్స్ అంటే చెక్కలమ్మే దుకాణం అనుకున్నాను మొదట్లో. కాదు, సాన్ కార్లోస్ కుర్రాళ్ళూ అమ్మాయిలూ కలిసి ఒక టీమ్. ఊళ్ళు తిరిగి స్కేటింగ్ డెమోలిస్తారు, గోడల మీద బొమ్మలేస్తారు, ఫోటోలు, వీడియోలు తీస్తారు. 2009లో స్మిత్సోనియన్ వాళ్ళ అమెరికన్ ఇండియన్ మ్యూజియం మూలవాసుల స్కేట్‌బోర్డింగ్ మీదే ఒక ప్రదర్శన పెట్టింది, అందులో వీళ్ళున్నారు. మ్యూజియం గొప్పే. నాకు మాత్రం పిల్లల చేతికి స్ప్రే డబ్బా, కెమెరా ఇవ్వడమే గొప్పగా అనిపిస్తుంది. మన అసోసియేషన్లలో పిల్లల కోసం అనగానే స్పెల్లింగ్ బీ, మ్యాథ్ కోచింగ్. బొమ్మలేసే పిల్లాడొచ్చి నిలబడితే, ఫంక్షన్‌కి బ్యానర్ రాయమంటాం.

ఒక్కటే బాధ. రెయిల్ (ఇనప కమ్మీ) మీద అడ్డంగా జారినప్పుడల్లా అడుగున రంగు లేచిపోతోంది. వీరుడి భుజం దగ్గర అప్పుడే మేపుల్ చెక్క బయటపడింది. మా ఆయన గోడకి తగిలిద్దామంటారు. మావాడు ససేమిరా అంటున్నాడు. గీతలు పడని బోర్డు చూస్తే ఫ్రెండ్స్ నవ్వుతారట.

2023 మార్చిలో అమెరికా తపాలా శాఖ స్కేట్‌బోర్డు స్టాంపులు ఫీనిక్స్‌లోనే విడుదల చేసింది. నాలుగు డెక్కుల్లో ఒకటి అరిజోనా నవాహో కళాకారిణి డియోర్ గ్రీన్‌వుడ్‌ది, చెక్కని కాల్చి గద్ద ఈకలు దిద్ది, టర్కాయిజ్ రాళ్ళు పొదిగింది. ఇంకొకటి అలాస్కాకి చెందిన క్రిస్టల్ వోర్ల్ వేసిన సాల్మన్ చేప. మా ఆయన ఆ షీటు ఆల్బమ్‌లో పెట్టమంటున్నారు. నేను సగం అప్పుడే వాడేశాను, మొన్న హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) వాళ్ళకి పంపిన చెక్కు కవరు మీద కూడా.