ఎర్త్ గుంత తవ్వుతూ ఏఎస్‌ఓసీకి చదివాను

హ్యామ్ రేడియో (సరదా కోసం సొంతంగా నడుపుకునే రేడియో స్టేషన్) లైసెన్సు కోసం ఏఎస్‌ఓసీ, అంటే అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ సర్టిఫికెట్ పరీక్షకు చదువుతున్న వాళ్ల కోసం రాస్తున్నా. నేను రాసింది రెస్ట్రిక్టెడ్ గ్రేడు, అందులో మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) లేదు. జనరల్‌కైతే నిమిషానికి 8 మాటల వేగం రావాలి. నిబంధనల భాగం కూర్చుని చదివితే వచ్చేస్తుంది. నన్ను సతాయించింది థియరీలో ఎర్తింగ్. నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కలేదు, ఇక లాభం లేదని అనంతపురంలో మా ఇంటి వెనకాల నిజంగానే గుంత తవ్వడం మొదలుపెట్టాను.

8 అడుగుల రాడ్డు తెచ్చి సుత్తితో కొడితే రెండడుగులకే ఠంగుమంది. కింద బండ. మన నేల సంగతి తెలిసిందే కదా, పైన గరుసు, కింద రాయి, వానలు అంతంత మాత్రం, తడి లేని నేలకు రెసిస్టెన్స్ ఎక్కువ. రెండు రోజులు గడ్డపారతో తిప్పలు పడి, రాయి తగలని వైపు రెండున్నర అడుగుల లోతు కాలువ తీసి, రాడ్డును అడ్డంగా పడుకోబెట్టి తడిని పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి పోసి పూడ్చాం. ఉప్పు వేయలేదు, అది లోహాన్ని తినేస్తుంది.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. రేడియోకు విడిగా ఎర్త్ ఉంటే మంచిదనుకుని ఇంటి కరెంటు ఎర్త్‌కు కలపకుండా వదిలేశాను. మా వీధిలో ఉండే ఎలక్ట్రీషియన్ పెద్దాయన చూసి, "రెండూ కలపకపోతే ఎట్ల నాయనా, దగ్గర్లో పిడుగు పడితే ఈ ఎర్తుకూ ఆ ఎర్తుకూ ఉండే తేడా అంతా నీ రేడియోలోనుంచే పోతాది" అన్నాడు. పుస్తకంలో బాండింగ్ అని చదివి వదిలేసింది ఇదే! అదే రోజు మందపాటి రాగి తీగతో రెండూ కలిపాం.

ఇంకో విషయం, ఇది లెక్క వేసి చూడండి. మిద్దె మీది గది నుంచి రాడ్డు దాకా టేపు పట్టి కొలిస్తే తీగ పదిన్నర మీటర్లు వచ్చింది. నేను వాడే 7 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు కోసం 300ని 7తో భాగిస్తే సుమారు 43 మీటర్లు, అందులో నాలుగో వంతు దాదాపు ఆ తీగ పొడవంతే. తరంగంలో నాలుగో వంతు పొడవున్న తీగకు ఒక కొన భూమికి తగిలితే రెండో కొన తెగిపోయినట్టు ఉంటుంది, అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ తీగ కింద భూమికి తగిలి ఉన్నా, పైన రేడియో దగ్గర ఎర్త్ లేనట్టే లెక్క. 50 హెర్ట్జ్ కరెంటు లీకైతే మాత్రం అదే తీగ బాగా పనిచేస్తుంది. షాక్ కొట్టకుండా వేసే ఎర్త్ వేరు, ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల) ఎర్త్ వేరు అని ఎందుకంటారో ఆ టేపు చేతిలో ఉండగానే అర్థమైంది, పరీక్షలో మళ్లీ తడుముకోలేదు. అందుకే యాంటెనా కూడా డైపోల్ (రెండు సమాన తీగల యాంటెనా) వేసుకున్నా, కేబుల్ దానికి కలిసే ఫీడ్ పాయింట్ దగ్గర బాలన్ (కేబుల్ పైపొర మీద కరెంటు పారకుండా ఆపేది) పెడితే అది ఆ ఎర్త్ తీగ మీద ఆధారపడదు.

కోయాక్స్ (యాంటెనా కేబుల్) ఇంట్లోకి వచ్చేచోట పిడుగు కరెంటును భూమిలోకి మళ్లించే అరెస్టర్ పెట్టి దాన్నీ ఇదే ఎర్త్‌కు కలిపాను. అయినా సరే, ఎండాకాలం సాయంత్రం ఉరుము వినపడకముందే, మబ్బు పడుతుండగానే కేబుల్ పీకి ఇంటి బయట పెట్టేస్తాను, మీరూ అట్లే చేయండి.